ప్యానెల్ ఉంది, పిల్లల ధ్యాస లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో 9, 10 తరగతులకు లెక్కలు చెబుతాను. క్లాసుకు 50 మంది పైనే ఉంటారు. ఇంటరాక్టివ్ ప్యానెల్ (చేత్తో తాకి వాడే పెద్ద డిజిటల్ తెర) వచ్చిన కొత్తలో పిల్లలు కళ్లార్పకుండా చూసేవాళ్లు. ఇప్పుడు వీడియో పెట్టిన ఐదు నిమిషాలకే వెనక బెంచీలు కబుర్లలో పడుతున్నాయి. ఒకరిద్దర్ని పిలిచి ప్యానెల్ మీద చేయిస్తే మిగతావాళ్లు ఖాళీగా కూర్చుంటున్నారు. క్లాసంతా పాఠంలో ఉండాలంటే దీన్ని ఎలా వాడాలి?

జవాబు:

నమస్తే సార్. నేను కోనసీమలో జడ్పీ హైస్కూల్ లెక్కల టీచర్ని. సర్వీసు 23 ఏళ్లు. నాడు-నేడు కింద మా బడికి ఐఎఫ్‌పీలు, అంటే ఈ ఇంటరాక్టివ్ ప్యానెళ్లే, వచ్చినప్పటి నుంచి దాదాపు రోజూ వాడుతున్నాను. మీరు రాసిన రెండు ఇబ్బందులూ నేను పడ్డవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇందులో మీ తప్పేమీ లేదు, పిల్లల తప్పూ లేదు. కొత్త వస్తువు పాతబడింది, అంతే. లండన్ సెకండరీ స్కూళ్లకు 2003-04లో పెద్ద ఎత్తున ఇంటరాక్టివ్ వైట్‌బోర్డులు ఇచ్చారు. వాటి మీద 2007లో వచ్చిన నివేదిక చదివితే మన స్టాఫ్‌రూమ్ మాటలే విన్నట్టు ఉంటుంది. మొదట్లో కనిపించిన ఉత్సాహం ఎంతోకాలం నిలవలేదు. మొదటి ఏడాదిలో మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి పిలిచిన చోట పాఠం నెమ్మదించింది. అంటే స్క్రీన్ మీద ఆకర్షణ కొన్నాళ్లే ఉంటుంది. ఆ తర్వాత పిల్లల్ని పట్టి ఉంచాల్సింది మన ప్రశ్నే.

ఈ సంగతి నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. మొదటి ఏడాది పదో తరగతికి త్రికోణమితి అనువర్తనాలు చెబుతూ మంచి యానిమేషన్ వీడియో ఒకటి మొత్తం వేశాను. గోడకు నిచ్చెన, ఎగిరే గాలిపటం, దాన్ని చూస్తున్న అబ్బాయి. క్లాసు సూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది. పాఠం బాగా వెళ్లిందనుకున్నాను. మర్నాడు ఒక అమ్మాయిని లేపి, "నిన్న ఏం చూశాం?" అని అడిగితే గాలిపటం రంగు చెప్పింది, అబ్బాయి టోపీ చెప్పింది, కథంతా చెప్పింది. "ఊర్ధ్వకోణం (పైకి చూసే చూపుకూ అడ్డగీతకూ మధ్య కోణం) ఏదో చూపించు" అని సుద్దముక్క ఇస్తే బోర్డు ముందు నిలబడిపోయింది. ఆ అమ్మాయి శ్రద్ధగానే చూసింది. చూడటం తప్ప ఇంకేమీ చేయమని నేనే అడగలేదు. నిశ్శబ్దంగా ఉన్న క్లాసు నేర్చుకుంటున్న క్లాసు కాదని ఆ రోజు అర్థమైంది.

అప్పటి నుంచి నాకు ఒకటే నియమం. ప్యానెల్ మీద ఏదైనా కదిలించే ముందు, ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి, లేదా బొమ్మ గీయాలి. రాసేదాకా నేను కదిలించను. తన ఊహ కాగితం మీద పెట్టిన పిల్లాడికి అది నిజమవుతుందో లేదో చూడాలని ఉంటుంది. పందెం కట్టినవాడు కోడి మీద నుంచి చూపు తిప్పుతాడా? అలాగే ఇదీ. వెనక బెంచీ కబుర్లు తగ్గడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి మందు లేదు.

ఒక పీరియడ్ ఎలా నడిచిందో చెబితే తేలికగా అర్థమవుతుంది. పదో తరగతి బహుపదులు, పరావలయం గ్రాఫు. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీకు తెలిసే ఉంటుంది. ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టారు. ప్యానెల్‌లో యాప్‌గా వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో ఎ, బి, సి అని మూడు స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) పెట్టి వర్గ బహుపది ax² + bx + c గ్రాఫు గీసి ఉంచాను. ఎ విలువ 1, మిగతా రెండూ 0. తెర మీద మామూలు గిన్నె ఆకారం (దీన్నే పరావలయం అంటాం), శీర్షం, అంటే గిన్నె అడుగు కొన, సరిగ్గా మూలబిందువు దగ్గర.

"సి విలువ 0 నుంచి 3కి పెంచితే గీత ఏమవుతుంది? మాట్లాడకండి. గీయండి." ఒక నిమిషం ఇచ్చాను. ఎక్కువమంది పైకి జరుగుతుందని గీశారు. కదిపాను, అలాగే జరిగింది, సంతోషించారు. తర్వాత ఎ విలువ మైనస్ 1 చేస్తే? కొందరు సరిగ్గా గీశారు, కొందరు కిందకి దిగుతుందన్నారు. కదిపితే గిన్నె బోర్లా పడింది. అంతవరకు మామూలే. మళ్లీ ఎ 1కి, సి 0కి తెచ్చి, "ఇప్పుడు బి విలువ 2 చేస్తాను, రాయండి" అన్నాను. నోటుబుక్కుల మధ్య తిరుగుతూ చూస్తే ఒకరిద్దరు తప్ప అందరూ ఒకటే రాశారు: పక్కకు జరుగుతుంది.

కదిపాను. గీత ఎడమకు జరుగుతూ కిందికి కూడా దిగింది. శీర్షం (-1, -1) దగ్గర ఆగింది. క్లాసులో ఒక్కసారిగా గోల. "కిందికి ఎందుకు దిగిందండీ?" అని నన్ను అడుగుతున్నారు. జవాబు చెప్పలేదు. ప్యానెల్ పెన్నుతో శీర్షం దగ్గర ఎర్ర చుక్క పెట్టించి, బి 4 అయితే చుక్క ఎక్కడ పడుతుందో రాయమన్నాను. అది (-2, -4) దగ్గర పడింది. తర్వాత మైనస్ 2, మైనస్ 4. చుక్కలు కుడివైపు (1, -1), (2, -4) దగ్గర. మూడో బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, "మేడమ్, ఆ చుక్కలు కలిపితే ఇంకో గిన్నె బోర్లించినట్టు వస్తుందండి" అంది. నిజమే, శీర్షం నడిచే దారి మైనస్ ఎక్స్ స్క్వేర్ పరావలయం. అది పాఠ్యపుస్తకంలో లేదు. మర్నాడు నల్లబల్ల మీద సుద్దముక్కతో వర్గం పూర్తి చేసి, ఎందుకు అలా వస్తుందో వాళ్లే తేల్చారు. ఆ రుజువుకు మాత్రం ప్యానెల్ వాడలేదు. ఒక్కో మెట్టూ చేత్తో రాసుకుంటూ వెళ్లే పనికి నాకు ఇప్పటికీ నల్లబల్లే మేలు.

చూడండి, ఆ పీరియడ్ మొత్తంలో తెర మీద గీత కదిలింది అన్నీ కలిపి రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా తెర ఆగి ఉంది, పిల్లలు పని చేశారు. మన దగ్గర చాలా క్లాసుల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. డిజిటల్ కంటెంట్ ఎంతసేపు నడిచిందో రిజిస్టరులో రాసుకుంటున్నాం. ఎన్నిసార్లు ఆపామో రాసుకునే కాలమ్ కూడా ఒకటి పెడితే బాగుంటుందని కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశాలు) ఎప్పుడూ అంటుంటాను. వీడియో వేయాల్సి వచ్చినా రెండు నిమిషాలకోసారి, సరిగ్గా జవాబు రాబోయే ముందు ఆపండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే దీక్షా (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) వీడియోలు కూడా ఇలాగే వాడతాను. ఎక్కడెక్కడ ఆపాలో ముందురోజు ఇంటి దగ్గర చూసి, నిమిషం, సెకను పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటాను.

ఇక మీ రెండో ఇబ్బంది. ఒకరు ప్యానెల్ దగ్గర ఉంటే మిగతా 50 మంది సంగతేమిటి?

దీనికి నేను వాడే పద్ధతి పేరు పిల్లలే పెట్టారు: చెయ్యి ఒకరిది, మాట ఒకరిది. ప్యానెల్ దగ్గర నిలబడ్డవాడు సొంతంగా ఏమీ చేయకూడదు. బెంచీలో కూర్చున్న ఇంకొకరు చెప్పాలి, వీడు చెప్పినంతే చేయాలి. "ఇటు జరుపు, కాదు అటు" అంటే కుదరదు. "శీర్షాన్ని ఎడమకు రెండు గడులు, కిందికి నాలుగు గడులు జరుపు" అనాలి. పదాలు సరిగ్గా వాడకపోతే పని జరగదు కాబట్టి, నిరూపకాలు, శీర్షం, అక్షం లాంటి మాటలు బట్టీ పట్టించకుండానే నోటికి వచ్చేస్తాయి. చెప్పేవాళ్లను బెంచీ బెంచీకి మార్చుతాను. ఎవరి వంతు వస్తుందో తెలియకుండా రోల్ నంబర్ల చీటీలు ఒక డబ్బాలో వేసి తీస్తాను. మన చేత్తో మనం పిలిస్తే తెలియకుండానే ఆ నలుగురు తెలివైన పిల్లలనే పిలుస్తాం. చీటీకి ఆ మొహమాటం లేదు. తప్పు చెబుతానేమో అని టెన్షన్ పడే పిల్లలకు, "పక్కవాళ్లను అడిగి చెప్పొచ్చు" అన్న వెసులుబాటు ఇవ్వండి.

అందరి జవాబులూ ఒకేసారి తెలియాలంటే యాప్‌లు, క్లిక్కర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు) అక్కర్లేదు. నాలుగు ఆప్షన్ల ప్రశ్న తెర మీద పెట్టి, మూడు లెక్కపెట్టగానే అందరూ వేళ్లు ఎత్తాలి. చెయ్యి పైకి కాదు, ఛాతీకి ఆనించి. పక్కవాడికి కనిపించదు, నాకు కనిపిస్తుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఇలాంటి పద్ధతే వాడుతున్నారు. ముందు ఎవరికి వారు జవాబు ఇవ్వాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి, మళ్లీ జవాబు ఇవ్వాలి. సరైన జవాబు మూడింట ఒక వంతు నుంచి మూడింట రెండు వంతుల మందికి వచ్చినప్పుడు ఆ వాదన బాగా పండుతుంది. అందరికీ వస్తే ముందుకు వెళ్లిపోవడమే. దాదాపు ఎవరికీ రాకపోతే పాఠం మళ్లీ చెప్పాలి. ఒక జాగ్రత్త: మొదటి ఓటు తర్వాత సరైన జవాబు ఏదో మీ మొహంలో కనిపించకూడదు. మన పిల్లలు తెర కంటే మన మొహాన్నే బాగా చదువుతారు.

నల్లబల్ల చేయలేని పని ప్యానెల్ చేసేది ఒకటుంది, దాన్ని ఎక్కువమంది వాడటం లేదు. నిన్నటి బోర్డును ఇవాళ మళ్లీ తెరవడం. వైట్‌బోర్డు యాప్‌లో పీరియడ్ అయిపోగానే పేజీలు చెరపకుండా తరగతి, తేదీ పెట్టి సేవ్ చేయండి. ముఖ్యంగా తప్పులున్న పేజీలు. మర్నాడు మొదటి ఐదు నిమిషాలు ఆ పేజీ తెరిచి, "ఇందులో ఎక్కడ దారి తప్పాం?" అని అడగండి. తప్పు చేసిన పిల్లాడి పేరు ఎత్తొద్దు. పరీక్షల ముందు ఇలా దాచిన పేజీలు వరసగా తిప్పితే అంతకు మించిన రివిజన్ ఉండదు. రోజూ ఆన్ చేసే మెషీన్లో మెమరీ నిండిపోతుంది కాబట్టి నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

చూపు సంగతి కూడా ఒకసారి పరీక్షించుకోండి. ధ్యాస లేదని మనం అనుకునే వెనక బెంచీ పిల్లల్లో కొందరికి నిజంగా కనిపించదు. 65 అంగుళాల ప్యానెల్ అంటే తెర ఎత్తు 80 సెంటీమీటర్లు మాత్రమే. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకు కదా. మన నల్లబల్ల అంతకంటే చాలా పెద్దది. పైగా మన లిపికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన సైజు తెలుగుకు సరిపోదు. 'జ్యోత్స్న', 'రాష్ట్రం' అని రాసి చివరి బెంచీలో మీరే కూర్చుని చూడండి. ఒత్తులు విడివిడిగా కనిపించకపోతే సైజు పెంచాలి. నేను ఒక తెర మీద ఆరేడు లైన్లకు మించి పెట్టను. కిటికీ ఎదురుగా ప్యానెల్ ఉంటే మధ్యాహ్నం ఆ పక్క వరస పిల్లలకు మెరుపు తప్ప ఏమీ కనిపించదు. మేం పాత చీరతో కర్టెన్ కుట్టించాం.

మెషీన్ గురించి రెండు మాటలు. చాలా ప్యానెళ్లలో టచ్ పనిచేసేది గాజు వల్ల కాదు, ఫ్రేము అంచుల్లోంచి అడ్డంగా నిలువుగా వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ కిరణాల వల్ల. ఆ కిరణాలకు ఏది అడ్డొచ్చినా అది వేలే అనుకుంటుంది. చీర కొంగు, చున్నీ అంచు, పొడుగు చేతుల చొక్కా, వాలిన పురుగు, ఏదైనా సరే. మా పక్క క్లాసులో గీతలు వాటంతట అవే పడుతున్నాయని మెకానిక్‌ని పిలవబోయారు. చూస్తే కింది అంచులో సుద్దపొడి పేరుకుపోయి ఉంది. పక్కనే నల్లబల్ల ఉంటుంది కాబట్టి ఇది తప్పదు. వారానికోసారి ఆపేసి, పొడి మెత్తటి గుడ్డతో నాలుగు అంచులూ తుడిపించండి. తడి గుడ్డ వద్దు. ఈ కిరణాల పద్ధతిలో ఒక లాభం కూడా ఉంది: పెన్ను పోయినా స్కేలుతో, మూత పెట్టిన బాల్‌పెన్నుతో రాయొచ్చు. పొట్టి పిల్లలకు చెయ్యి అందడానికి మేం స్కేలే ఇస్తాం. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. ఊహ రాయించడానికి కరెంటు అక్కర్లేదు కదా, అంతవరకు చేయించి ఆపుతాను, కరెంటు వచ్చాక కదిలించి చూపిస్తాను.

మీ బడిలో మిగతా సబ్జెక్టుల వాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మా సోషల్ మాస్టారు గూగుల్ ఎర్త్‌లో త్ర్యంబకేశ్వరం చూపించి ఆపుతారు. "గోదావరి ఇక్కడ పుట్టింది. పడమర సముద్రం 80 కిలోమీటర్లే. మరి 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి మన అంతర్వేదికి ఎందుకు వచ్చింది?" పిల్లలు రాశాక తెరను వంచి సహ్యాద్రి ఎత్తు చూపిస్తారు. తెలుగు మేడమ్ పద్యపాదం రాసి, గురువులకు ఎరుపు, లఘువులకు నీలం రంగు పెట్టించి, గణాలు విడగొట్టిస్తారు. ఎక్కడ యతి పడాలో ముందే చేతివేళ్లతో ఓటు తీసుకుంటారు. సైన్స్‌కు కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

మీరు వచ్చే వారం ఒక్క పీరియడ్‌తో మొదలుపెట్టండి. రెండు తరగతులకూ పనికొచ్చే ప్రశ్న ఒకటి ఇస్తున్నాను. ఐదు మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉంది. జియోజీబ్రాలో దాని కింది కాలికి స్లైడర్ పెట్టండి. కాలు గోడకు ఒక మీటరు దూరంలో ఉన్నప్పుడు, ఇంకో మీటరు వెనక్కి లాగితే పై చివర ఎంత జారుతుంది? మీటరా, తక్కువా, ఎక్కువా? చాలామంది మీటరే అంటారు. కదిపితే 32 సెంటీమీటర్లు కూడా జారదు. రెండు నుంచి మూడుకు లాగితే 58 సెంటీమీటర్లు. మూడు నుంచి నాలుగుకు లాగితే సరిగ్గా మీటరు. ఇక్కడ తెర ఆపి, నాలుగు నుంచి ఐదుకు ఎంతో రాయమనండి. అందరూ రాశాక స్లైడర్ మీరు ముట్టుకోవద్దు. చివరి బెంచీ నుంచి ఒకర్ని పిలిచి కదపమనండి. ఆ ఆఖరి మీటరులో నిచ్చెన మూడు మీటర్లు కూలి నేలకు అంటుకుంటుంది.